బోణీ అక్కకు తెలిసిపోయింది

డబ్బాలు, ఫ్లాస్కులు, మూతలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో మూడు వందల మంది పనిచేస్తారు. అందులో రెండు వందల తొంభై తొమ్మిది మందికి ఏదో ఒక పని తెలుసు కాబట్టి ఉద్యోగం ఇచ్చారు. మిగిలిన ఒక్క మనిషికి ఏమీ తెలియదు కాబట్టి ఇచ్చారు. ఆవిడే బోణీ అక్క. నవ్వకండి. ఇరవై రెండేళ్ళపాటు ఆవిడ ఆ పని ఎంత శ్రద్ధగా చేసిందో వింటే మీకే సిగ్గేస్తుంది.

ఆ ఉద్యోగం ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. అప్పట్లో ఆవిడ ప్యాకింగ్ బల్ల దగ్గర అట్టపెట్టెలకు టేపు అంటించేది. ఒకరోజు మీటింగ్ గదిలోకి ఖాళీ పెట్టెలు తీసుకెళ్తే, అక్కడ నలుగురు ఇంజినీర్లు పెద్దాయన ముందు కొత్త నూనె క్యాన్ పెట్టి దాని గొప్పలు చెబుతున్నారు. పెద్దాయన అంటే ఆ కంపెనీ యజమాని. గంటన్నర నుంచీ వింటున్నాడు పాపం. విసుగొచ్చి, తలుపు దగ్గర నిలబడ్డ ఈవిడను పిలిచి, "ఇదిగో అమ్మాయ్, ఆ గిన్నెలో కాస్త నూనె పొయ్యి" అన్నాడు. ఆ క్యాన్ అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకేలా ఉంది. మీట నొక్కితే నూనె చిమ్మే నోరు మాత్రం ఒకవైపే ఉంది. అది గిన్నెవైపు ఉందనుకుని ఈవిడ గట్టిగా నొక్కింది. అది పెద్దాయన వైపు ఉంది.

"ఆవిడ తిరగేసి పట్టుకుంది సార్" అన్నాడు ఒక ఇంజినీరు.

"ఆవిడ తిరగేసి పట్టుకుందా, మీరు తిరగేసి చేశారా?" అన్నాడు పెద్దాయన, చొక్కా తుడుచుకోకుండానే.

ఆ పూటే రూలు పెట్టేశాడు. స్టీలు అచ్చు ఒకసారి చేయించాక మార్చడం అంటే తల ప్రాణం తోకకొస్తుంది. కాబట్టి ఏ కొత్త వస్తువైనా, అచ్చు చేయించకముందే, నమూనాను ఈవిడ చేతిలో పెట్టాలి. పెట్టి నోరు మూసుకోవాలి. ఈవిడ "ఇదెలా?" అని ఒక్క ప్రశ్న అడిగిందా, ఆ వస్తువు వెనక్కి పోవాల్సిందే. ఈవిడకు విడిగా ఒక మాట చెప్పాడు. "నీకు ఏమీ తెలియకపోవడమే మాకు కావాలి. తెలిసిపోయిన రోజున నువ్వే లేచి చెప్పాలి. నేను కనిపెట్టలేను." ఈవిడ సరేనంది. ఆ రోజు నుంచి ఈవిడ పేరు అందరూ మర్చిపోయారు. ప్రతి వస్తువూ మొదట ఆవిడ చేతి మీదుగా పోతుంది గనక బోణీ అక్క అయింది.

స్టోర్‌కీ క్యాంటీన్‌కీ మధ్య ఒక చిన్న గది ఇచ్చారు. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక గోడగడియారం, ఒక కిటికీ. కుర్చీ మీది దిండు ఆవిడ భర్త కుట్టి ఇచ్చినది, ఆయన దర్జీ. వెనకాల గోడకు ఆనించి ఇంకో రెండు కుర్చీలు. వస్తువును తయారుచేసినవాళ్ళు వచ్చి అక్కడ కూర్చోవాలి, ఉలకకూడదు, పలకకూడదు. వినడానికి తేలికే. రెండేళ్ళు రాత్రింబగళ్ళు కష్టపడి చేసిన వస్తువును ఒకావిడ తలకిందులుగా పట్టుకుని చూస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎంత నరకమో వాళ్ళనడగండి. ఒకాయన దగ్గినట్టు నటించి "ఎడమ... ఎడమ..." అన్నాడు. ఆయన్ను వారంపాటు గదిలోకి రానివ్వలేదు.

ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో ఆవిడ చేత్తోనే రాసి ఉన్నాయి. "సబ్బు మీద నీళ్ళు ఎటు పోతాయి?" ఆ సబ్బుపెట్టె వెనక్కి పోయింది, అడుగున చిల్లులతో తిరిగొచ్చింది. "ఇది మూసుకుందని నాకెలా తెలుస్తుంది?" అని ఒక టిఫిన్ డబ్బా గురించి అడిగింది. ఆ ప్రశ్న పుణ్యమా అని మూతకు 'టక్' మనే చప్పుడు పెట్టారు. ఆ చప్పుడు విని కొనుక్కున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు, ఆ చప్పుడు ఎవరి ప్రశ్నో వాళ్ళకేం తెలుసు. ప్రశ్న రాకపోతే ఒకటే మాట రాసేది: "తెరుచుకుంది." అలా మూడు వందల పదకొండు వస్తువులు.

ఉద్యోగాన్ని కాపాడుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. డిజైన్ చేసే మేడ మీదికి ఒక్కసారి కూడా ఎక్కలేదు. క్యాటలాగ్ కనిపిస్తే కళ్ళు తిప్పుకునేది. క్యాంటీన్‌లో ఇంజినీర్లు మాట్లాడుకుంటుంటే పళ్ళెం తీసుకుని ఇంకో బల్లకు పోయేది. "అందరి పెళ్ళాలూ ఏదో నేర్చుకుని పైకొస్తారు. మా ఆవిడ ఏమైనా నేర్చుకుందంటే మా కొంప మునుగుతుంది" అనేవాడు భర్త, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆ ఇంట్లో మూడో మనిషి అత్తగారు. డెబ్బై నాలుగేళ్ళు. గుండెకు ఒక మాత్ర, బీపీకి ఒక మాత్ర, పొద్దున్నే వేసుకోవాలి. ఒకరి చేత మంచినీళ్ళు కూడా తెప్పించుకునే రకం కాదు. కోడలు ఫ్యాక్టరీ నుంచి రాగానే "ఇవాళేం అడిగావే?" అని అడిగేది. కోడలు చెప్పేది. ఆ వస్తువు వెనక్కి పోయిందనీ, ఈ వస్తువుకు ప్రశ్న రాలేదనీ, ఇరవై రెండేళ్ళూ ఆవిడ రోజూ వింది.

ఇంత పకడ్బందీగా ఉన్నా తెలివి ఎక్కడి నుంచి దూరిందో చూడండి. ఆరేళ్ళ కిందట కొత్తగా ఒక డిజైనరమ్మ వచ్చింది. పనిమంతురాలు. ఆవిడ మొదట చేసిన జాడీ మూత మీద బాణం గుర్తు ఉంటే బోణీ అక్క అడిగింది: "ఈ బాణం మూత తిప్పమనా, జాడీ తిప్పమనా?" జాడీ వెనక్కి పోయింది. డిజైనరమ్మ ఇంటికెళ్ళి ఏడ్చి, మర్నాడు బాణం తీసేసి, బొటనవేలు ఆనాల్సిన చోట ఒక చిన్న గుంట లాంటి చుక్క పెట్టింది. అక్క వేలు దాని మీద పడింది, జాడీ తెరుచుకుంది. అప్పటి నుంచి డిజైనరమ్మ చేసిన ప్రతి వస్తువు మీదా ఒక చుక్క. చుక్క కనిపిస్తే అక్క బొటనవేలు దానంతటదే అక్కడికి పోయేది. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండానే ఒక భాష తయారుచేసుకున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

అప్పుడొచ్చింది వారం డబ్బా. ఏడు రోజులకు ఏడు అరలున్న మందుల డబ్బా, మీద ఒకటే మూత. పసిపిల్లలు తెరవకూడదు, పెద్దవాళ్ళు తెరవగలగాలి. డిజైనరమ్మ రెండేళ్ళు దాని మీదే కూర్చుంది. చుక్క మీద బొటనవేలు పెట్టి, లోపలికి నొక్కి, నొక్కి ఉంచే పక్కకు తిప్పాలి. పిల్లలు నొక్కుతారు, లేదా తిప్పుతారు, రెండూ ఒకేసారి చెయ్యరని లెక్క.

గదిలో బల్ల మీద పెట్టి, డిజైనరమ్మ వెనక్కెళ్ళి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు పెద్దాయన కూడా వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నాడు. బోణీ అక్క డబ్బాను చేతిలోకి తీసుకుంది. చుక్క. బొటనవేలు. నొక్కింది, తిప్పింది. ఆరు సెకన్లు.

డిజైనరమ్మ రూలు మర్చిపోయి "అమ్మయ్య!" అని గట్టిగా అరిచింది. పెద్దాయన, మూత మళ్ళీ వేసిన డబ్బాను అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది" అని బల్ల మీద పెట్టేశాడు. నోటుబుక్కులో బోణీ అక్క "తెరుచుకుంది" అని రాసింది. ఆ రాత్రి అన్నం దగ్గర ఆవిడ సంబరం చూడాలి. "ఒక్క ప్రశ్న కూడా రాలేదత్తయ్యా! ఇరవై రెండేళ్ళలో ఇంత తొందరగా ఏదీ తెరుచుకోలేదు. ఇక దీనికి వెనక్కి పోయే పనే లేదు" అంది. అత్తగారు "మంచిదేగా" అంది.

అచ్చులు చేయించారు. మూడు నెలల్లో పన్నెండు వేల డబ్బాలు మిషన్ మీంచి దిగాయి. శుక్రవారం పొద్దున్న లారీలు బయలుదేరాలి, సోమవారానికి దుకాణాల్లో ఉండాలి. అలవాటు ప్రకారం మొదటి డబ్బాను బోణీ అక్కకు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఆదివారం సాయంత్రం ఇంటికి తెచ్చి, ఏడు అరల్లో అత్తగారి మాత్రలు సర్ది, మూత వేసి, ఆవిడ మంచం పక్క బల్ల మీద పెట్టింది. ఎలా తెరవాలో మాత్రం చెప్పలేదు. ఎలా చెబుతుంది? వస్తువును ముందు పెట్టి నోరు మూసుకోవడం తప్ప ఆవిడకు ఇంకో పద్ధతి తెలిస్తే కదా. అత్తగారు డబ్బాను చూసింది. ఏమీ అడగలేదు.

గురువారం పొద్దున్న అత్తగారు వంటగదిలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే కూలబడింది. కళ్ళు తిరిగాయంది. మోచేయి కమిలిపోయింది. వీధి చివరి డాక్టరు చూసి, బీపీ ఎక్కడో ఉందని, "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగాడు.

"వేసుకోకేం" అంది అత్తగారు.

ఆవిడను ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, బోణీ అక్క వారం డబ్బాను తీసుకుంది. బొటనవేలు దానంతటదే చుక్క మీదికి పోయింది. సోమవారం అరలో రెండు మాత్రలు. మంగళవారం అరలో రెండు. బుధవారం అరలో రెండు. సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. మూతను వెలుతురుకు పెట్టి చూసింది. అంచు పొడుగునా గీతలు. కొన్ని చాకువి, కొన్ని చెంచావి, ఒక మూల మాత్రం పంటిగాట్లు. చుక్క దగ్గర ఒక్క గీత కూడా లేదు.

"అత్తయ్యా, మూత రాలేదా?"

"రాకేం. కళ్ళజోడు కనపడక ఊరుకున్నా."

కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

బోణీ అక్క వంటగదిలోకి వెళ్ళి, నేల మీద కూర్చుని ఏడ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఒక మూతను పళ్ళతో లాగిందన్న ఆలోచన ఆవిడను కుదురుగా ఉండనివ్వలేదు. పన్నెండు వేల డబ్బాలు. పన్నెండు వేల ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ మంచం పక్కన ఒక బల్ల. ఇంతమందికీ తన చేత్తో "తెరుచుకుంది" అని రాసిచ్చింది. ఎందుకు తెరుచుకుందో అప్పుడు అర్థమైంది.

భర్త కుట్టుమిషన్ ఆపి అంతా విన్నాడు.

"చెబితే నీ కుర్చీ పోతుంది" అన్నాడు.

"పోతుంది."

"చెప్పకపోతే రేపు లారీలు పోతాయి."

"పోతాయి."

"అయితే నన్నెందుకు అడుగుతున్నావు?"

"అడగట్లేదు. నువ్వు అత్తయ్య దగ్గర ఉంటావా, నేను వెళ్ళొస్తాను."

ఆయన లేచి, కోటు ముక్కను పక్కన పెట్టి, తల్లి మంచం దగ్గరకు స్టూలు లాక్కున్నాడు.

మీటింగ్ గదిలో పెద్దాయన, డిజైనరమ్మ, అమ్మకాల మేనేజరు ఉన్నారు. దుకాణాల ముందు కట్టే బ్యానరు బల్ల మీద పరిచి, అక్షరాలు ఎర్రగా ఉండాలా నీలంగా ఉండాలా అని తేల్చుకుంటున్నారు. ఆ గదిలోకి బోణీ అక్క ఇరవై రెండేళ్ళలో అడుగుపెట్టింది ఇది రెండోసారి. డబ్బాను బ్యానరు మీద పెట్టి జరిగింది చెప్పింది.

అమ్మకాల మేనేజరు జాలిగా చూశాడు. "పాపం, మీ అత్తగారికి వయసైపోయింది కదమ్మా."

"ఈ డబ్బా ఎవరి కోసం సార్?"

"వయసైపోయినవాళ్ళ కోసమే" అన్నాడాయన.

డిజైనరమ్మ కుర్చీలోంచి లేచింది. "నువ్వు ఆరు సెకన్లలో తీశావు కదక్కా!"

"తీశానమ్మా. చుక్క ఉంది కాబట్టి తీశాను. చుక్క ఉంటే వేలు అక్కడ పెట్టాలని నాకు తెలుసు. నీకు తెలుసు. ఇంకెవరికైనా తెలుసా? నువ్వు నా కోసం చేశావు. నేను నిన్ను చూసి తీశాను. మధ్యలో డబ్బాను ఎవరూ చూడలేదు."

డిజైనరమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. మేనేజరు మాత్రం ఊరుకోలేదు. "ఒక్క ముసలావిడ తెరవలేదని పన్నెండు వేల డబ్బాలు ఆపేస్తామా?" అన్నాడు. బోణీ అక్క డబ్బాను తీసి పెద్దాయన ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. నోరు మూసుకుంది.

రూలు ఆయన పెట్టిందే. గదిలో ఎవరూ ఉలకలేదు, పలకలేదు. పెద్దాయన డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. మూత లాగాడు. తిప్పాడు. గోరుతో అంచు పైకెత్తబోయాడు. చుక్క మీద వేలు పడింది గానీ నొక్కాలని తోచలేదు. గోడగడియారం రెండు నిమిషాలు తిరిగింది. ఆయన డబ్బాను మెల్లగా బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని అన్నాడు.

"కళ్ళజోడు తేలేదు."

కళ్ళజోడు ఆయన మెడలో తాడుకు వేలాడుతోంది. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. బోణీ అక్కకు మాత్రం నవ్వు రాలేదు, అత్తగారి మాటే గుర్తొచ్చింది. నమూనా పెట్టిన రోజు ఆయన "బాగుంది" అని ఎందుకు పక్కన పెట్టేశాడో కూడా ఆవిడకు అర్థమైపోయింది.

"లారీలు ఆపండి" అన్నాడు పెద్దాయన. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "ఆ రోజు నీకు ఏం చెప్పాను?"

"తెలిసిపోయిన రోజున లేచి చెప్పమన్నారు సార్."

"చెప్పావు."

"చెప్పాను సార్."

"అయితే ఇక ఆ కుర్చీ నీది కాదు." ఆ మాట అనడానికి ఆయనకు చాలా కష్టమైంది. అయినా అన్నాడు. ఆవిడ కూడా వేరే మాట ఆశించలేదు.

మర్నాడు బోణీ అక్క గదిలోకి వెళ్ళి, నోటుబుక్కు తీసి, చివరి పేజీలో "తెరుచుకుంది" అన్న మాట పక్కన "నాకు. మా అత్తగారికి కాదు" అని రాసింది. దిండు చంకలో పెట్టుకుని ప్యాకింగ్ బల్ల దగ్గరకు పోయింది. టేపు అదే కంపెనీది. మొదటి నాలుగు పెట్టెలకు వంకరగా అంటించింది, ఐదోదానికి చెయ్యి దారిలో పడింది. ఇరవై రెండేళ్ళ కుర్చీ పోయిందన్న బాధ లేదని ఆవిడ అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్ళేటప్పుడు ఆ గది ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోయేది.

గది ఖాళీగా ఉండలేదు. పెద్దాయన రూలు మార్చాడు. ఇక ఒకే మనిషి కూర్చోకూడదు, ప్రతి వస్తువుకూ కొత్త మనిషి రావాలి. ప్రశ్న కోసం కాచుకుని కూర్చోకూడదు, చేతులను చూడాలి. ఎవరైనా కళ్ళజోడు మాట ఎత్తారా, వస్తువు వెనక్కి. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో నమూనా ఏదైనా తప్పిందంటే "కళ్ళజోడైందట" అంటారు. కొత్తగా చేరినవాళ్ళకు మొదట్లో ఏమీ అర్థం కాదు.

డిజైనరమ్మ ఇంకో నాలుగు నెలలు కూర్చుంది. ఈసారి చుక్క లేదు. మూతకు రెండు పక్కలా చెయ్యి పట్టేంత వెడల్పుగా రెండు మెత్తటి పలకలు. డబ్బాను అరచేత్తో పట్టుకుంటే వేళ్ళు వాటి మీదే పడతాయి, పట్టుకుని కాస్త అదిమితే మూత లేస్తుంది. పసిపిల్లల చెయ్యి అంత వెడల్పు చాచుకోదు. నమూనా సిద్ధమయ్యాక ఆవిడ ప్యాకింగ్ బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అక్కా, మొదట మీ అత్తగారే తెరవాలి. తీసుకొస్తావా?"

"నేనడిగితే రాదమ్మా. కంపెనీకి ఆవిడ అవసరం పడిందని నువ్వొచ్చి చెప్పు."

డిజైనరమ్మ వెళ్ళి చెప్పింది. అత్తగారు అరగంటలో తయారై బయలుదేరింది.

గదిలో ఆ కుర్చీ మీద అత్తగారు కూర్చుంది. వెనక కుర్చీల్లో డిజైనరమ్మ, పక్కన బోణీ అక్క. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ వెనక కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అత్తగారు డబ్బాను చూసింది. గడియారాన్ని చూసింది. డబ్బాను ఎత్తి వాసన చూసి మళ్ళీ పెట్టింది. "పట్టుకోండత్తయ్యా, ఊరికే పట్టుకోండి" అన్న మాట బోణీ అక్క గొంతు దాకా వచ్చింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదవి కొరుక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళూ తన వెనక కూర్చున్నవాళ్ళు ఏం పడ్డారో అప్పుడు తెలిసొచ్చింది.

అత్తగారు డబ్బాను అరచేత్తో పట్టుకుంది. మూత లేచింది.

"ఇంతేనా?" అంది. "దీనికి ఇంతమందా?"

డిజైనరమ్మ బావురుమంది. అత్తగారు ఆ పిల్ల వైపు వింతగా చూసి కుర్చీలోంచి లేచింది. నోటుబుక్కులో "తెరుచుకుంది" అని బోణీ అక్కే రాసింది, రాయడానికి ఇంకెవరికీ చెయ్యి ఆడలేదు.

అత్తగారిని గేటు దాకా దిగబెట్టడానికి ప్యాకింగ్ బల్లల మధ్య నుంచి తీసుకెళ్తుంటే, ఆవిడ కోడలి బల్ల దగ్గర ఆగింది. కుర్చీ మీది దిండును గుర్తుపట్టింది. దాన్ని చేత్తో ఒకసారి తట్టి, ఎవరికీ వినపడకుండా అంది.

"ఆ మొదటి డబ్బా ఉంది చూశావూ, దాన్ని ఎలా తియ్యాలో అడుగుదామని మూడు రోజులూ అనుకున్నానే."

"అడగొచ్చు కదత్తయ్యా! నేనేమైనా అనేదాన్నా?"

"ఒక్క ప్రశ్న వచ్చినా వెనక్కి పోతుందని నువ్వే కదే రోజూ చెప్పేదానివి. అంత సంబరపడిపోయావు. నేను నోరు తెరిచి అడిగితే నీ ఉద్యోగానికి మాటొస్తుందేమోనని ఊరుకున్నా."

ఒకరి కళ్ళజోడు ఒకరు సరిచేసుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. అయినా బోణీ అక్క అత్తగారి కళ్ళజోడు తీసి, చేతిరుమాలుతో రెండు అద్దాలూ తుడిచి, మళ్ళీ ముక్కు మీద పెట్టింది.

"ఇకనుంచి ఏదైనా అడగండత్తయ్యా."

"అడుగుతాలే" అంది అత్తగారు. "ముందు ఇది చెప్పు. ఈ టేపు చివర ఎక్కడుందో ఎలా కనిపెడతారే?"

బోణీ అక్క టేపు చుట్టను ఆవిడ చేతిలో పెట్టి, చూపించడం మొదలుపెట్టింది.